గుడ్ల బడిలో పది నిమిషాల లెక్క

ఫారంలో నాలుగో ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది. "మీ ఊళ్లో మూడేళ్లు నిండి, ఆరేళ్లు దాటని పిల్లలు ఎంతమంది?"

పదకొండేళ్లుగా మా ఊరి గ్రామ సంఘానికి వీవోఏగా (సంఘం సహాయకురాలిగా) లెక్కలు రాస్తున్నాను. గద్వాల జిల్లాలో ఒక పల్లె మాది. 23 పొదుపు సంఘాలు. ఎవరి అప్పు ఎంత, ఎవరి కిస్తీ ఎన్ని రోజులు ఆగింది, లోను డబ్బుతో ఎవరు బర్రెను కొన్నారు, అది ఎప్పుడు ఈనింది, అన్నీ పుస్తకం తెరవకుండానే చెప్తాను. పిల్లల లెక్క మాత్రం తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ తోచలేదు.

మర్నాడు అంగన్‌వాడీకి పోయి అడిగితే టీచరమ్మ రిజిస్టర్ తీసింది. 41 మంది. రోజూ వచ్చేది 14, 15 మంది. "మిగతావాళ్లో?" అంటే కిటికీలోంచి రోడ్డు వైపు చూపించింది. ప్రైవేటు బడి పసుపు వ్యాను అప్పుడే మలుపు తిరుగుతోంది. ఇంకొందరు అమ్మల వెంట చేలకు పోతారని చెప్పింది. మూడేళ్ల కింద మా చిన్నోడు కూడా ఆ వ్యానులో పోయినవాడే. ఎల్‌కేజీకి 18 వేలు కట్టాను. అంగన్‌వాడీ అంటే గుడ్లు ఇచ్చే చోటు, నాకైనా అంతే. మా ఊళ్లో దాన్ని గుడ్ల బడి అనే అంటారు.

ఈ ఫారం 2025 వేసవిలో మా సంఘాల పని చూసే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) మేడం వాట్సాప్‌లో పంపింది. పాత పాలమూరు జిల్లా ఇప్పుడు ఐదు జిల్లాలు కదా: మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట. ఈ ఐదింటిలో చిన్నపిల్లల చదువు గురించి నోరు విప్పేవాళ్లను ఒకచోటికి చేర్చి నెట్‌వర్క్‌గా నిలబెట్టాలని ఒక స్వచ్ఛంద సంస్థ అనుకుంది. ఏడాది పాటు రెండు నెలలకోసారి రెండు రోజుల మీటింగు. మధ్యలో ఊళ్లో చేయాల్సిన పని. బస్సు చార్జీలు, భోజనం వాళ్లవి. "నువ్వు నోరున్నదానివి, నింపి పంపు" అంది సీసీ మేడం.

పది రోజులకు ఫోన్లో ఇంటర్వ్యూ. ఎందుకు రావాలనుకుంటున్నారని అడిగారు. రాత్రంతా ఏవేవో పెద్ద మాటలు వెతికి పెట్టుకున్నాను. తీరా అడిగేసరికి "నాలుగో ప్రశ్నకు జవాబు తెలియలేదు సార్, అందుకే" అన్నాను. అవతల నవ్వారు. వారానికి సెలెక్ట్ అయ్యానని మెసేజ్ వచ్చింది.

జూన్‌లో మహబూబ్‌నగర్‌లో మొదటి మీటింగు. 27 మందిమి. అంగన్‌వాడీ టీచర్లు, ఇద్దరు ఆయాలు, వనపర్తి వైపు నుంచి ఒక హెడ్మాస్టరు, తండా నుంచి డిగ్రీ చదివే అమ్మాయి, వలస కూలీల మధ్య పనిచేసే ఇద్దరు అన్నలు, నాలాంటి సంఘాలవాళ్లు. మొదటి రోజు సగం రంగు కాగితాలు గోడకు అంటించడంతోనే పోయింది. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం బస్సెక్కి వచ్చేద్దామనుకున్నాను. మాటిమాటికీ "అడ్వకసీ, అడ్వకసీ" అంటున్నారు. దాన్ని తెలుగులో ఏమంటారని ఆయా ఒకామె అడిగితే ఎవరికీ తోచలేదు. చివరికి హెడ్మాస్టరు సారు "వకాల్తా" అన్నారు. "అయితే మనం పిల్లల వకీళ్లమా? మరి ఫీజు ఎవరిస్తరు?" అంది ఆయా. హాలంతా నవ్వింది. ఆ తర్వాత మా గ్రూపులో అందరం ఆ మాటే వాడుతున్నాం.

సాయంత్రం టీ దగ్గర నారాయణపేట అక్క ఒక సంగతి చెప్పింది. వాళ్లింట్లో మరాఠీ మాట్లాడతారు. అంగన్ అంటే వాకిలి, వాడీ అంటే తోట అట. మహారాష్ట్రలో తారాబాయి మోదక్ అనే ఆవిడ గిరిజన పిల్లల కోసం బాలవాడీ పెడితే వాళ్లు రాలేదు. అప్పుడామె బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకుపోయింది. ఆ పేరు అక్కడ పుట్టింది. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలు నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ మొదలైనప్పుడు దేశమంతటా ఆ పేరే స్థిరపడింది. మనం మాత్రం గుడ్ల దగ్గర ఆగిపోయాం అనుకున్నాను.

మీటింగు నుంచి వచ్చేటప్పుడు పని ఒప్పజెప్పారు. మీ ఊరి సెంటర్‌లో ఒక రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి. పది నిమిషాలకోసారి గడియారం చూసి ఆ క్షణాన టీచర్ ఏం చేస్తోందో ఒక గడిలో, పిల్లలు ఏం చేస్తున్నారో ఇంకో గడిలో రాయాలి. జోక్యం చేసుకోకూడదు. లెక్కలు రాసేదాన్ని కదా, ఈ పని నాకు బాగా నచ్చింది.

జూలైలో ఒక మంగళవారం పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు మొదటి గడి. పదింటికి పిల్లలు గుండ్రంగా నిలబడి చేతులు తిప్పుతూ పాట పాడుతున్నారు. పదీ పదికి చిన్నపిల్లలకిచ్చే బాలామృతం పిండి కోసం ఒక తల్లి చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది. పాట ఆగింది. బాలామృతం ఇచ్చే ముందు తీయాల్సిన ఫొటో కోసం టీచరమ్మ ఫోన్ ఎత్తి ఆమె మొహం ముందు పట్టింది. "కండ్లు ఆర్పు... ఇంకోసారి ఆర్పు." తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. కొంగు తీసి మళ్లీ, వెలుతురు చాలదని గుమ్మంలో నిలబెట్టి మళ్లీ. ఆమె కళ్లు ఆర్పుతుంటే చంకలో పిల్ల కూడా ఆర్పడం మొదలుపెట్టింది. పాట మధ్యలో ఆగిపోయిన పిల్లలు కూడా చాప మీద వరుసగా కూర్చుని కళ్లు టపటపలాడిస్తున్నారు. పదీ ఇరవై, పదీ ముప్పై, రెండు గడుల్లోనూ అదే రాశాను.

పదీ నలభైకి సూపర్‌వైజర్ మేడం ఫోన్, ఏదో సంఖ్య అర్జెంటుగా కావాలట. పదీ యాభైకి ఒక పిల్లోడు మూలలో ఉన్న సీసా మూతల సంచి లాక్కుని పెద్ద మూత నుంచి చిన్న మూత దాకా గోడ వెంట వరుస పెట్టాడు. సొరకాయ తరుగుతున్న ఆయా తల తిప్పి, "నడుమ ఇదెందుకు పెట్టినవురా?" అంది. "ఇది దాని తమ్ముడు." "మరి అన్న ఏడి?" వాడు లేచి సంచంతా వెతికి, అన్నను తెచ్చి సరైన చోట పెట్టాడు. నేను గడిలో "ఆడుకుంటున్నాడు" అని రాసి ఊరుకున్నాను.

పన్నెండు నుంచి గర్భిణులు, బాలింతల భోజనం, తర్వాత పిల్లల భోజనం, నిద్ర. పిల్లలు పడుకున్నాక రిజిస్టర్లు. తర్వాత ఓటర్ల లిస్టు గురించి ఎవరో వచ్చారు, టీచరమ్మే మా బూత్‌లో ఓటర్ల లిస్టు చూసే బీఎల్‌వో మరి. 3:50కి ముగించి లెక్క తీశాను. మొత్తం 39 గడులు. టీచర్ పిల్లలతో ఆటలోనో పాటలోనో కథలోనో ఉన్నవి ఆరు. "టీచర్ ఫోన్ చూస్తోంది" అని రాసినవి పదకొండు.

అక్కడ తప్పు చేశాను. ఆ కాగితాన్ని ఫొటో తీసి, "మా ఊరి అంగన్‌వాడీ పరిస్థితి" అని పైన రాసి మా మండలం వీవోఏల గ్రూపులో పెట్టాను. నెట్‌వర్క్‌కు పోయి వచ్చాను కదా, ఏదో సాధించినట్టు. అది ఎక్కడెక్కడికో పాకింది. మూడో రోజు టీచరమ్మకు మెమో వచ్చింది. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. బావి దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకునేది.

ఆగస్టు మీటింగుకు ఆ టెన్షన్‌తోనే పోయాను. కాగితాలు గోడకు పెట్టి ఒక్కొక్కరం చెప్తున్నాం. నా వంతు వచ్చాక జరిగింది దాచకుండా చెప్పాను. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే టీచరక్క ఒకామె ఉంది, 22 ఏళ్ల సర్వీసు. లేచి నా కాగితం ముందు నిలబడి చదివింది. "చెల్లే, ఇది లెక్క గాదు, చాడీ" అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఆగలేదు. ఎర్ర పెన్ను తీసుకుని, "మొదటిసారి ఫోన్ చూసినప్పుడు తెర మీద ఏముంది?" అని అడిగింది. పక్కనే కూర్చున్నాను కాబట్టి గుర్తుంది. బాలామృతం ఫొటో. "టీచర్ ఫోన్ చూస్తోంది" కొట్టేసి, "టీచర్ బాలామృతం ఫొటో ఎక్కిస్తోంది" అని రాసింది. రెండోది? అదే. నాలుగోది? సూపర్‌వైజర్ ఫోన్. ఆరోది పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు. ఏడోది పిల్లల బరువులు. పదకొండూ అయ్యేసరికి కాగితం ఎర్రగా అయింది. అవే గడులు, అదే రోజు. చదివితే మాత్రం వేరే ఊరి కాగితంలా ఉంది.

ఆ రోజు నుంచి మా అందరి ఫారం మారింది. టీచర్ పేరు, ఊరి పేరు ఉండవు. మూడో గడి ఒకటి చేరింది: "ఈ పని ఎవరు అడిగారు?" ఏడాదిలో ఈ నెట్‌వర్క్ చేసిన మంచి పని ఒక్కటే చెప్పమంటే నేను ఆ మూడో గడి చెప్తాను.

రెండో రోజు చట్టాలు. నాకు నిద్ర వస్తుందనుకున్నాను గానీ రాలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా పిల్లలందరికీ ఉచిత చదువు హక్కు అంది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీదిది, అసలు గొడవేమో ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల ఫీజులది. పెద్ద చదువుల ఫీజుల పంచాయితీలో చిన్న పిల్లల హక్కు బయటపడింది. ఆ తీర్పులో కింది వయసు గీత లేదు. 2002లో 86వ సవరణ వచ్చి ఆరు నుంచి పద్నాలుగు అని గీత గీసింది. ఆరేళ్లలోపు పిల్లల సంగతి 45వ అధికరణంలో, ప్రభుత్వం ప్రయత్నించాలి అన్నంతవరకే మిగిలింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌లోనూ అంతే, ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు అని ఉంది. "చేయవచ్చు"కూ "చేయాలి"కీ తేడా అప్పుల పుస్తకం రాసేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానమేమో మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే అయిపోతుందని రాసుకుంది. ఆ ముక్క ప్రతి స్లైడు మీదా వేశారు, మాకు బట్టీ వచ్చేసింది.

సాయంత్రం పెద్ద గొడవ కూడా అయింది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి కొన్ని సర్కారు ప్రాథమిక బడుల్లో ప్రీ ప్రైమరీ పెట్టారు కదా. హెడ్మాస్టరు సారు అది మంచిదే అన్నారు, వ్యాను ఎక్కే పిల్లలు వెనక్కి వస్తారని. టీచర్లు ఒప్పుకోలేదు. ఉన్న కొద్దిమందినీ పక్క గదిలోకి లాగేస్తే మా సెంటర్ మూతపడదా అన్నారు. భోజనం దాకా తెగలేదు, ఇప్పటికీ తెగలేదు. నాకైతే రెండు వైపులా నిజమే అనిపిస్తుంది. తండా అమ్మాయి మాత్రం ఒక్క మాట అంది: "ఏ గదైనా సరే, మా పిల్లలు యాడి అంటే అమ్మ అని అర్థమయ్యేటోళ్లు లోపల ఉంటే చాలు." అప్పుడు మాత్రం అందరూ మాట్లాడడం ఆపారు.

ఆ మీటింగులోనే ఇంకొకటి తెలిసింది. ప్రతి అంగన్‌వాడీకీ పర్యవేక్షణకూ సాయానికీ ఒక కమిటీ ఉండాలి, 2011 నుంచే ఉంది. వార్డు మెంబరు, తల్లులు, ఆశా, సంఘం మహిళలు అందులో సభ్యులు. ఊరికి రాగానే పోయి రిజిస్టర్ అడిగాను. టీచరమ్మ మాట్లాడకుండా తీసి ముందు పెట్టింది. తిప్పి చూస్తే నెలనెలా మీటింగు జరిగినట్టు రాసి ఉంది, కింద సంతకాలు. ఐదోది నాది. ఒకటి కాదు, వరుసగా నాలుగేళ్లవి. ఆయా తెస్తే బ్యాంకుకు పోయే తొందరలో బండి సీటు మీద పెట్టి గీకేసినవి.

"సారీ అక్కా" అన్నాను.

"సారీ ఎందుకులే. మెమోకు జవాబు రాసిన, అయిపోయింది" అంది టీచరమ్మ. కాసేపాగి, "ఆ రోజు పొద్దంతా ఈడనే కూసున్నవ్ కదా. ఏం చేస్తున్నవక్కా అని ఒక్కసారన్నా అడిగినవా?" అంది.

జోక్యం చేసుకోవద్దన్నారు కాబట్టి అడగలేదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ నెల కమిటీ మీటింగు నిజంగానే పెట్టాం. తొమ్మిది మంది వచ్చారు. పది నుంచి పదకొండుంబావు దాకా పిల్లల సమయం, ఆ టైములో బాలామృతానికీ కాగితాలకూ ఎవరూ రావద్దు, రెండు దాటాక రావాలి అని తీర్మానం రాశాను. తీర్మానాలు రాయడం నాకు అలవాటే. ఆయా తలుపు మీద సుద్దముక్కతో గడియారం బొమ్మ గీసింది. సూపర్‌వైజర్ మేడంకు చూపిస్తే కాగితం మీద ఏమీ ఇవ్వలేనంది గానీ, "సరే, ఆ టైములో నేను ఫోన్ చేయను" అంది. చాలావరకు చేయడం లేదు.

ఇంకో పనిలో మాత్రం ఓడిపోయాం. మా వైపు సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి ఎక్కువ. ఆగస్టు, సెప్టెంబర్ క్రాసింగ్ సీజను. మర్నాడు విచ్చే మొగ్గల్లో పుప్పొడి భాగాన్ని ముందు రోజు మధ్యాహ్నం గిల్లేయాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి ఒక్కొక్కదానికీ రాయాలి. ఎండ ముదరకముందే కావాలి కాబట్టి ఆడవాళ్లు ఏడింటికల్లా చేలో ఉంటారు. సెంటర్ తెరిచేది తొమ్మిది దాటాక. మధ్యలో ఆ పిల్లలు ఎక్కడుండాలి? గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఊయలలో. పక్క చేలో మందు కొడుతుంటారు. వలస పిల్లల మధ్య పనిచేసే అన్న మీటింగులో, కూలీల పిల్లలను పని చోటే చూసుకునే మొబైల్ క్రెష్‌ల కథ చెప్పాడు. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర కట్టడం పని జరిగే చోట దుమ్ములో ఆడుతున్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ ఒక డేరాలో మొదలుపెట్టిందట. ఇప్పుడు కేంద్రానికి పాల్నా అని అంగన్‌వాడీతో పాటు క్రెష్ నడిపే పథకం కూడా ఉంది. మాకు కావాలని కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. రసీదు నా ఫైల్లో ఉంది.

అది వచ్చేదాకా ఆగలేక మేమే చేద్దామనుకున్నాం. ఇద్దరు ముసలమ్మలు ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా బడి వరండాలో పిల్లలను చూసుకోవాలి, తల్లులు రోజుకు పది రూపాయలు ఇవ్వాలి. మూడు వారాలు బాగా సాగింది. పదకొండు మంది పిల్లలు వచ్చేవాళ్లు. ఒకామె నులక అల్లుతూ కథ చెప్పేది, పిల్లలు నులక అందించేవాళ్లు. నాలుగో వారం ముసురు పట్టింది, పని లేదు, డబ్బుల్లేవు. తర్వాత ఎవరు ఎన్ని రోజులు బాకీ అన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఆగిపోయింది. లెక్కలు రాసే నేను ఆ పది రూపాయల లెక్క రాయలేదు, చిన్న మొత్తమే కదా అని. మళ్లీ సీజనుకు మొదటి రోజే పుస్తకం తెరుస్తాను.

ఐదు జిల్లాల కాగితాలనూ కలిపి ఒక్క పట్టికగా చేశాం. దాన్ని పట్టుకుని ఆరుగురం ఒక జిల్లా అధికారిని కలిశాం. అరగంట ఇచ్చారు. మూడో గడి మీద వేలు పెట్టి కిందిదాకా చదివారు. అందులో సగం తమ ఆఫీసు అడిగినవే. ఏమీ అనలేదు, ఒక కాపీ ఉంచుకున్నారు. అక్కడ ఒకటి గమనించాను. నేనొక్కదాన్నే అయితే గేటు దగ్గరే "ఏ ఊరమ్మా, ఏం కావాలి" అని ఆపేవాళ్లు. ఐదు జిల్లాల వాళ్లం కలిసి పోయేసరికి కుర్చీలు వేశారు.

డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేక అప్పటిదాకా స్పెషల్ ఆఫీసర్లే ఉన్నారు, ఊళ్లో పనుల గురించి అడుగుదామంటే మనిషి లేడు. ఓట్లడగడానికి ఇంటికొచ్చిన ప్రతి అభ్యర్థినీ నేను ఒకటే అడిగాను, ఫారంలో నాలుగో ప్రశ్న. ఒకాయన "గుడ్లు తక్కువిస్తున్నరా అక్కా? నేను చూసుకుంటా" అన్నాడు. ఒకామె మాత్రం మర్నాడు మళ్లీ వచ్చి "41 అట వదినా, నిజమేనా?" అంది. ఆమె వార్డు మెంబరుగా గెలిచింది, ఇప్పుడు మా కమిటీలో కూర్చుంటోంది.

సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ ఒక రోజు కాగితం పట్టుకుని సెంటర్‌లో కూర్చున్నాను. ఈసారి పిలిచింది టీచరమ్మే. 21 మంది పిల్లలు. వ్యాను నుంచి దిగినవాళ్లు ఇద్దరే, మిగతావాళ్లు గట్ల మీది నుంచి వచ్చినవాళ్లు. పదింటికి కథ మొదలైంది, చెరువు కట్ట మీద తప్పిపోయిన మేకపిల్ల కథ. పదీ నలభైకి నేను గడి రాయబోతుంటే ఆమె ఫోన్ మోగింది. తెర మీద ఎవరి పేరుందో నాకు కనిపించింది. ఆమె ఫోన్‌ను బోర్లించి చాప కిందికి తోసి మేకపిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. అది చాప కింద గుర్రుమంటూనే ఉంది.

"ఇది కూడా రాయాలా అక్కా?" అని అడిగాను.

"వద్దు" అంది, తల తిప్పకుండానే.